డిటెక్టివు నవలలో అనుమానం ఎవరి మీద?

మన పత్రికలో రామభజన గూర్చి, ఉగాది గూర్చి, అమ్మోరు పండుగ గూర్చి వ్యాసాలు వచ్చాయి. డిటెక్టివు నవల గూర్చి మాత్రం ఎవరూ వ్రాయలేదు. అది చాటుగా చదివి దిండు క్రింద దాచవలసిన పుస్తకమని పెద్దల అభిప్రాయం. కాని ఆ నవలకూ ఒక చరిత్ర ఉన్నది. చెరకుతోటల కూలీల సంతతి అయిన మనకు ఆ చరిత్రతో దగ్గరి చుట్టరికం ఉన్నదని మేము భావిస్తున్నాము.

ఈ రకపు కథకు ఇంగ్లీషులో ఎడ్గార్ ఎలన్ పో 1841లో దారి వేశాడు. షెర్లాక్ హోమ్స్ 1887లో పుట్టాడు. మన దేశంలో ముందుగా అందుకున్నది వంగదేశం. ప్రియనాథ్ ముఖోపాధ్యాయ్ అనే పోలీసు ఉద్యోగి తన అనుభవాలను 1892 నుండి 'దారోగార్ దప్తర్' పేరుతో ప్రకటించాడు. తరువాత పాంచ్‌కడి దే నవలలు వచ్చాయి. వంగభాష నుండే ఈ రుచి తెలుగుకు సోకింది. దేవరాజు వేంకటకృష్ణారావుగారి 'వాడే వీడు' ఆ తొలినాటి పేర్లలో ఒకటి.

స్వాతంత్ర్యం వచ్చిన తరువాత మద్రాసు నుండి చిన్న సైజు నవలలు వెల్లువగా వెలువడ్డాయి. అందులో అగ్రస్థానం కొమ్మూరి సాంబశివరావుగారిది (1926–1994). ఆయన సృష్టించిన డిటెక్టివు యుగంధర్, అసిస్టెంటు రాజు ఆంధ్రదేశంలో ఇంటింటి చుట్టాలయ్యారు. ఆరుద్ర వంటి మహాకవి కూడా డిటెక్టివు రచన చేశారు. టెంపోరావు, విశ్వప్రసాద్ పేర్లు తెలియని పాఠకుడు ఆ రోజుల్లో అరుదు. రైల్వే స్టేషను స్టాళ్ళలో, బస్‌స్టాండులలో, అద్దె పుస్తకాల షాపులలో ఇవి చేతులు మారేవి. అట్టలు చిరిగి, చివరి పేజీ ఊడిపోయి, హంతకుడెవరో తెలియక పాఠకుడు నెత్తి కొట్టుకున్న సందర్భాలూ ఉన్నాయి! తెలుగు చదవడం అలవాటైంది ఈ పుస్తకాల వల్లనే అని చెప్పేవారు నేటికీ ఎందరో ఉన్నారు.

అయినా సాహిత్య విమర్శకులు వీటిని చాలావరకు లెక్కలోకి తీసుకోలేదు. సమీక్ష లేని చోట మంచి పుస్తకానికీ నాసిరకానికీ తేడా తెలియదు. ఆధారాలన్నీ పాఠకుని ముందు ఉంచాడా, చివరి పేజీలో ఎక్కడినుండో ఒక కొత్త మనిషిని దింపాడా అని అడిగేవారు ఉండాలి. కథ గుట్టు విప్పకుండా గుణదోషాలు చెప్పగలగడం సమీక్షకుని నేర్పు. ఈ రెంటికి తోడు మూడవ ప్రశ్న ఒకటి ఉన్నది. రచయిత మనచేత ఎవరిని అనుమానింపజేస్తున్నాడు? పనిమనిషినా, కూలివానినా, ఫలానా కులంలో పుట్టినవానినా?

ఈ ప్రశ్న మనకు ఎందుకు ముఖ్యమో మారిషస్ చరిత్రే చెబుతుంది. 1843లో 'కోరంగి పాకెట్' ఓడ మీద మన తెలుగువారు ఈ దీవికి వచ్చారు. ఆ రేవు పేరు మీదనే మనకు కొరంగివారని పేరు పడింది. 1867లో ఇక్కడ ఒక చట్టం చేశారు. ఒప్పందం ముగిసిన కూలీ తన ఫొటో ఉన్న టిక్కెట్టు దగ్గర ఉంచుకోవాలి. జిల్లా దాటాలంటే పాసు కావాలి. అవి చూపలేనివాడు దిమ్మరి, పోలీసులు పట్టుకొనిపోతారు. ఏ దొంగతనమూ చేయనివారు, జబ్బు పడిన బంధువును చూడబోతున్నవారు సైతం నేరస్థుల జాబితాకు ఎక్కే వీలు కలిగింది. 1871లో 9,401 మంది భారతీయులు తమ బాధలు చెప్పుకున్న మహజరును అడాల్ఫ్ ద ప్లెవిజ్ గవర్నరుకు అందజేశాడు. దాని ఫలితంగా రాయల్ కమిషన్ వచ్చి విచారించి, 1875లో నివేదిక ఇచ్చింది. ఆ నివేదిక మనవారి మొరలో నిజం ఉన్నదని తేల్చింది.

ఈ చట్టం వచ్చిన మరుసటి ఏడు, 1868లో, విల్కీ కాలిన్స్ 'మూన్‌స్టోన్' ఇంగ్లండులో వెలువడింది. ఒక వజ్రం మాయమవుతుంది. మొదటి అనుమానం ముగ్గురు హిందువుల మీద పడుతుంది. ఆ అనుమానం నిజమో కాదో మేము చెప్పము, చదువరులే తెలుసుకోవాలి. 1929లో రోనాల్డ్ నాక్స్ డిటెక్టివు కథకు పది నియమాలు వ్రాస్తూ, కథలో చీనావాడు ఉండరాదన్నాడు. చౌకబారు నవలలలో చీనావాడు కనబడితే చాలు, దుర్మార్గుడు వాడే అన్నంత వాడుక అయిపోయింది మరి.

మన ఆంధ్రదేశంలోనూ ఇటువంటి ముద్ర ఉన్నది. 1871లోనే బ్రిటిషు ప్రభుత్వం నేరస్థ తెగల చట్టం చేసి, కొన్ని తెగలకు పుట్టుకతోనే దొంగలన్న పేరు పెట్టింది. 1911 చట్టంతో అది మద్రాసు రాజధానికి విస్తరించింది. 1913లో బాపట్ల సమీపాన స్టూవర్టుపురం వెలసింది. అక్కడ ఎరుకలవారిని స్థిరపరచి, హాజరు తీసుకుంటూ, సాల్వేషన్ ఆర్మీ పర్యవేక్షణలో ఉంచారు. మద్రాసు రాష్ట్రంలో ఆ చట్టం 1947లో, దేశమంతటా 1952లో రద్దయింది. కాని ఊరి మీద పడిన మచ్చ పోలేదు. కథలు, సినిమాలు ఆ పేరును దొంగతనానికి మారుపేరుగా వాడుకుంటూ వచ్చాయి. అక్కడినుండి చదువుకొని పైకి వచ్చిన పిల్లలు ఊరి పేరు చెప్పుకోవడానికి వెనుకాడవలసిన పరిస్థితి ఏర్పడింది.

సముద్రం మీద కూడా ఇదే కథ. మన తెలుగువారు ఎందరో నేడు పనిచేస్తున్న ఒమన్ దేశపు ఉత్తర తీరాన షినాస్ అనే ఊరు, అందులో ఒక కోట ఉన్నాయి. బొంబాయి నుండి వచ్చిన ఇంగ్లీషు నౌకలు 1810 జనవరిలో ఆ కోటను ఫిరంగులతో కొట్టాయి. ఖవాసిం తెగవారు సముద్రపు దొంగలని కారణం చెప్పారు. షార్జా పాలకుడు సుల్తాన్ అల్ ఖాసిమీ 1986లో ఒక గ్రంథం ప్రకటించి, అది దొంగతనం కాదనీ, ఈస్టిండియా కంపెనీ వ్యాపార స్వార్థమే ఆ ముద్ర వేసిందనీ వాదించాడు. వాదం ఎవరిది నెగ్గినా, దొంగ అన్న మాట ఎవరి కాగితంలో ఉన్నదో చూడాలి అన్న పాఠం అక్కడ ఉన్నది.

కాబట్టి డిటెక్టివు నవలలను మానమని మేము చెప్పము. పిల్లలకు తెలుగు వ్రాత చేజారిపోతున్న ఈ రోజుల్లో, వారిని పేజీ తిప్పనిచ్చే పుస్తకం ఏదైనా మేలే. ప్రతి పుస్తకానికీ ఒక పుట సమీక్ష వ్రాయించండి. హంతకుని పేరు చెప్పవద్దనండి. రచయిత ఎవరిని, ఏ ఆధారంతో అనుమానించమన్నాడో మాత్రం తప్పక వ్రాయమనండి. మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో మన తాతముత్తాతల వలస రికార్డులు భద్రంగా ఉన్నాయి. ఆ కాగితాలలో కనబడే ప్రతి అభియోగాన్నీ మన పిల్లలు అదే పట్టుదలతో పరిశోధించగలిగిన నాడు, యుగంధర్ వెంట గడిపిన రాత్రులు వృథా పోలేదని పెద్దలు కూడా ఒప్పుకుంటారు.