మూర్తిమత్వమునకు కొలబద్ద

గజముబద్దను ఏ దేశమునకు కొనిపోయినను దాని పొడవు మారదు. మనుష్యుని స్వభావమును కొలుచు ప్రశ్నావళి కూడ అట్లే అన్నిచోట్ల పనిచేయునా? హాంకాంగులో జరిగిన కృషి దీనికి చక్కని జవాబు చెప్పుచున్నది.

1943లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయమునకు చెందిన హాథవే అను మనస్తత్వ శాస్త్రజ్ఞుడు, మెకిన్లీ అను వైద్యుడు ఒక పరీక్షను ప్రకటించిరి. అందు సుమారు 550 వాక్యములుండెను. ఒక్కొక్క వాక్యము తన విషయములో నిజమో కాదో వ్యక్తి చెప్పవలెను. ఆరోగ్యవంతులు ఎట్లు జవాబు చెప్పుదురో తెలిసికొనుటకై, విశ్వవిద్యాలయపు ఆసుపత్రులలోని రోగులను చూడవచ్చిన బంధుమిత్రులను ముఖ్యముగా అడిగిరి. వారి జవాబులే ప్రమాణమైనవి. ఆ సగటునకు మిక్కిలి దూరముగా నున్న జవాబులు వ్యాధికి సూచనలని తలచిరి.

ఈ పరీక్ష అనేక భాషలలోనికి పోయినది. హాంకాంగులో ఫానీ చుంగ్ అను శాస్త్రజ్ఞురాలు దానిని చైనా భాషలోనికి తెచ్చి ప్రయోగించి చూచిరి. ఆరోగ్యముగా నున్న చైనీయులకు గూడ విషాదరోగమును, స్కిజోఫ్రీనియాను సూచించు భాగములలో మార్కులు హెచ్చుగా వచ్చెను! ఇంతమందికి మనోవ్యాధి యున్నదా? లేదు. మిన్నెసోటాలో వింతగా తోచు కొన్ని జవాబులు చైనీయులలో సామాన్యములే. వాక్యములు చైనా భాషలోనికి మారినవి గాని, ప్రమాణము మిన్నెసోటాదిగానే నిలిచినది. దానినే నమ్మిన వైద్యుడు ఆరోగ్యవంతునికి రోగియని పేరు పెట్టగలడు.

అందుచేత చుంగ్, బీజింగు శాస్త్రజ్ఞులతో కలిసి, కొత్త ప్రశ్నావళిని నిర్మించిరి. చైనా నవలలను, సామెతలను, జనులు తమను, ఇతరులను వర్ణించు మాటలను పరిశీలించి వాక్యములు కూర్చిరి. ఇది 1996లో వెలువడెను. ఇచ్చిపుచ్చుకొనుట, పరువు కాపాడుట, పొత్తు చెడకుండ మెలగుట అను గుణములు ఒక వర్గముగా అందు తేలినవి. దీనికి 'పరస్పర సంబంధశీలత' అని పేరిడిరి. మూర్తిమత్వములో ప్రధానాంశములు ఐదని పాశ్చాత్య పండితులు చెప్పుచుండిరి. 2001లో పోల్చి చూడగా ఈ గుణవర్గము ఆ ఐదింటిలో దేనియందును ఇమడలేదు.

ఇది చైనీయులకే పరిమితమా? 2003లో ఆంగ్ల ప్రతితో సింగపూరువారిని, అమెరికాలోని శ్వేతజాతీయులను పరీక్షింపగా వారిలోను ఈ గుణవర్గము కనిపించెను. అమెరికా కొలబద్దలు అమెరికనులలోనే చూడని గుణమును చైనా కొలబద్ద చూపినది. తరువాత ఆ ప్రశ్నావళి పేరులోని 'చైనీయ' అను మాటకు బదులు 'బహుసంస్కృతుల' అను అర్థమిచ్చు మాట చేరినది.