నిబంధన శబ్దము – ఒంగోలు క్రైస్తవ చరిత్ర

తెలుగున 'నిబంధన' యనగా ఇరుపక్షములవారు అంగీకరించిన షరతు. ఒకరు తప్పినచో రెండవవారు విముక్తులగుదురు. తెలుగు బైబిలు 'బెరీత్' అను హీబ్రూ పదమునకు ఈ మాటనే గ్రహించినది. అయితే ఆదికాండము 15వ అధ్యాయమున చెప్పబడిన ఒడంబడిక తీరు వేరు. ఖండించి యుంచిన పశువుల నడుమ దాటినది దైవసాన్నిధ్యమునకు గుర్తైన జ్వాలయే కాని అబ్రాము కాడు. మాట నిలుపుకొను భారమును దేవుడే వహించెనని దాని తాత్పర్యము. ఎన్నటికిని తప్పని ఆ ప్రేమకు హీబ్రూలో 'హెసెద్' అని పేరు. తెలుగు బైబిలున అది తరచుగా 'కృప' యైనది. షరతును తెలుపు మాటతో షరతులేని విశ్వాస్యతను తెలుగు క్రైస్తవులు ఎట్లు గ్రహించిరి? ఒంగోలు చరిత్ర ఇందుకు కొంత సమాధానము నొసగుచున్నది.

అమెరికను బాప్తిస్టులు 1840లో నెల్లూరున స్థిరపడిరి. ఫలితము మిక్కిలి స్వల్పమగుటచే ఆ మిషనును మూసివేయవలెనను ప్రతిపాదన 1853లో వచ్చెను. కాని అది నిలిచినది. 1866లో జాన్ క్లౌ ఒంగోలు చేరెను. రాజయోగ సంప్రదాయమున శిష్యుడైయుండిన మాదిగ కులస్థుడు యెర్రగుంట్ల పేరయ్య ఆ ఏటనే బాప్తిస్మము పొందెను. 1867 జనవరి 1న ఒంగోలు సంఘము ఎనిమిదిమంది సభ్యులతో ఏర్పడెను. అటుపై గ్రామ గ్రామమునకు వార్తను మోసినవారు ముఖ్యముగ పేరయ్య వంటి దేశీయ బోధకులే.

1876–78 సంవత్సరముల మహాక్షామము ఈ విశ్వాసమునకు పరీక్ష యయ్యెను. క్లౌ బకింగ్‌హాం కాలువలో కొంత భాగపు త్రవ్వకమును గుత్తకు తీసికొని వేలమందికి కూలి కల్పించెను. బోధకులు పని పర్యవేక్షించుచు, విరామవేళల కూలీలకు వాక్యము వినిపించుచుండిరి. బాప్తిస్మము కోరినవారు అనేకులు. కాని కూడు కొరకు మతము పుచ్చుకొనిరను మాట రాకుండుటకై క్లౌ సుమారు పదునైదు మాసములు ఎవ్వరికిని బాప్తిస్మ మీయలేదు. సహాయము ముగిసిన పిదపను జనులు వచ్చిరి. వారి నెరిగిన బోధకులు ఊరివారీగా విచారించి యోగ్యులను నిర్ణయించిరి. 1878 జులై 3న వెల్లంపల్లి చెంత గుండ్లకమ్మ నదిలో 2222 మంది బాప్తిస్మము పొందిరి.

క్షామము లేకున్నచో ఇంతమంది వచ్చియుందురా యను ప్రశ్న న్యాయమైనదే. ఆకలిలో ఆదుకొన్న చేతిని జనులు మరచిరనుట సహజము కాదు. అంటరానితనపు భారమును దింపుకొనవలెనను ఆశయు వారి నిర్ణయమున కలదు. అయితే ఈ కారణములు ఆ నిరీక్షణను పూర్తిగా వివరింపజాలవు. అన్నమే ప్రయోజనమైనచో, అన్నము నిలిచిన తరువాత నదికి నడచుట యెందులకు?

తరతరములుగా పల్లెలో ఆ జనులు ఎరిగిన ఏర్పాట్లు వెట్టికి సంబంధించినవి. వానిని మార్చు అధికారము వారికి లేదు. అట్టివారికి, బలవంతుడైన పక్షమువాడే తన మాటకు తాను కట్టుబడు నిబంధన అపూర్వము. కోశమున షరతుగానే మిగిలిన ఈ శబ్దము, వారి జీవితమున నమ్మదగిన వాని మాట యను అర్థమును సంతరించుకొన్నది. పదముల చరిత్రను వ్రాయువారు కోశములతోపాటు గుండ్లకమ్మ తీరమును గూడ పరిశీలింపవలసి యున్నది.