ఆకుపచ్చ కుందేలు గొడవ

స్టార్ వార్స్ కామిక్ పుస్తకం సినిమా కంటే ముందే వచ్చిందంటే మా టీములో ఎవరూ నమ్మలేదు. నిజమేనండీ. సినిమా 1977 మే 25న విడుదలైతే, మార్వెల్ వాళ్ళ మొదటి సంచిక ఏప్రిల్ 12కే కొట్లలోకొచ్చేసింది. ధర 30 సెంట్లు.

అసలు మార్వెల్‌కి ఇది ఇష్టం లేదు. లూకస్‌ఫిల్మ్ తరఫున చార్లెస్ లిపిన్‌కాట్ వెళ్ళి అడిగితే స్టాన్ లీ పెద్దగా పట్టించుకోలేదు. అప్పుడాయన రాయ్ థామస్‌ని పట్టుకున్నాడు. సినిమా కోసం వేసిన బొమ్మలు చూసి థామస్ పడిపోయాడు, స్టాన్ లీని ఒప్పించాడు. బేరం కూడా భలే బేరం: లక్ష కాపీల దాకా లూకస్‌ఫిల్మ్‌కి రాయల్టీ ఇవ్వక్కర్లేదు. తీరా చూస్తే మొదటి సంచికే పది లక్షలు దాటి అమ్ముడుపోయింది. ఆ రోజుల్లో మార్వెల్ పరిస్థితి ఏమీ బాగాలేదు. తర్వాత అక్కడ ప్రధాన సంపాదకుడైన జిమ్ షూటర్, స్టార్ వార్సే లేకపోతే కంపెనీ మూతపడేదని చెప్పుకొచ్చాడు.

సరే, నాకు సరదాగా అనిపించేది వేరే. సినిమా పూర్తికాకుండానే కామిక్ గీయాలి కదా, బొమ్మలేసిన హోవర్డ్ చేకిన్ దగ్గరున్నదల్లా స్క్రిప్టూ కొన్ని ఫొటోలూ. ఫైనల్ కాని స్పెక్ చూసి కోడు రాసినవాళ్ళకి ఆ బాధ వేరే చెప్పక్కర్లేదు. సినిమాలో కత్తిరించేసిన సన్నివేశాలు కామిక్‌లో అలాగే ఉండిపోయాయి. ల్యూక్ తన స్నేహితుడు బిగ్స్‌ని కలిసే ఘట్టం అలాంటిదే. జబ్బా అయితే కామిక్‌లో రెండు కాళ్ళ మీద నడిచే పసుపురంగు మనిషిలాంటి జీవి! 1983లో మూడో సినిమా వచ్చాక గానీ అతనొక కొండంత నత్తలాంటివాడని జనానికి తెలీలేదు.

మొదటి ఆరు సంచికలతో సినిమా కథ అయిపోయింది. ఏడో సంచిక నుంచి సొంత కథ చెప్పాలి. ఇక్కడే చిక్కొచ్చింది. వేడర్ జోలికి వెళ్ళొద్దు, ల్యూక్-లేయాల ప్రేమ కదపొద్దు అని షరతులు. (వాళ్ళిద్దరూ కవలలని ప్రేక్షకులకి తెలిసింది 1983లో. ప్రేమ కథ ముందుకు వెళ్ళుంటే ఎంత అప్రతిష్ట!) మిగిలింది హాన్ సోలో, చ్యూబాకా. వాళ్ళ చేత ఒక పల్లెని కాపాడటానికి ముఠా కట్టించాడు థామస్. కురోసావా సెవెన్ సమురాయ్ కథే, మనకైతే షోలే గుర్తొస్తుంది. ఆ ముఠాలో జాక్సన్ అని మనిషంత ఎత్తున్న ఆకుపచ్చ కుందేలు ఒకడు. ఆ కుందేలు లూకస్‌కి నచ్చలేదు. పదో సంచికతో థామస్ తప్పుకున్నాడు. తర్వాత ఆర్చీ గుడ్విన్ రచన, కార్మైన్ ఇన్ఫాంటినో బొమ్మలతో పత్రిక నిలదొక్కుకుని, 1986లో 107వ సంచికతో ఆగింది.

1991లో డార్క్ హార్స్ వాళ్ళు అందుకున్నారు. టామ్ వీచ్ రాసి కామ్ కెన్నెడీ గీసిన డార్క్ ఎంపైర్‌లో, చచ్చిపోయిన చక్రవర్తి పాల్పటీన్ క్లోన్ శరీరంలో తిరిగొస్తాడు. అప్పటికి కొత్త సినిమాలు లేవు కాబట్టి అభిమానులకి ఇలాంటివే ఆధారం. అలా ఇరవై ఏళ్ళకి పైగా బోలెడు కథలు పేరుకున్నాయి.

2012లో డిస్నీ లూకస్‌ఫిల్మ్‌ని కొనేసింది. మార్వెల్‌ని 2009లోనే కొన్నది. 2014 ఏప్రిల్‌లో ఒక్క ప్రకటనతో ఆ పాత కామిక్సూ నవలలూ అన్నీ 'లెజెండ్స్' అయిపోయాయి, అంటే అసలు కథలో లెక్కకి రావన్నమాట. 2015లో మార్వెల్ మళ్ళీ ఒకటో సంచిక నుంచి మొదలెట్టింది.

అప్పట్లో నేను దీన్ని గట్టిగా సమర్థించాను. ముప్ఫై ఏళ్ళ పాత కోడ్‌ని ఎవడు మోస్తాడు, కొత్తగా రాసుకోవడమే మేలు అని లంచ్ టేబుల్ దగ్గర వాదించాను కూడా. తర్వాత నాకే అనుభవమైంది. రెండేళ్ళు కూర్చుని రాసిన మాడ్యూలుని, కంపెనీ చేతులు మారగానే కొత్తవాళ్ళు పనికిరాదని పక్కన పెట్టారు. ఆర్నెల్ల తర్వాత వాళ్ళ డిజైన్ చూస్తే సగం నాదే, పేర్లు మాత్రం మారాయి.

2019లో తొమ్మిదో సినిమాకి వెళ్ళాను. పాల్పటీన్ తిరిగొచ్చాడు, క్లోన్ శరీరంతో సహా! హాల్లో పక్కవాడు ఇదేం కథరా బాబూ అని విసుక్కున్నాడు. నాకు మాత్రం డార్క్ ఎంపైరే గుర్తొచ్చింది. కావాలని తీసుకున్నారో, కథ అవసరమే అక్కడికి లాక్కెళ్ళిందో నేను చెప్పలేను. లెక్కకి రాదని పక్కన పెట్టిన కథ లాంటిదే మళ్ళీ తెర మీద చూస్తుంటే ఎందుకో టామ్ వీచ్ మీద జాలేసింది.

పాత సంచికలు మార్వెల్ ఇప్పటికీ అచ్చేస్తోంది, అట్ట మీద లెజెండ్స్ ముద్ర కొట్టి మరీ. కుందేలు జాక్సన్ మాత్రం 2018లో పిల్లల కామిక్‌లో తిరిగొచ్చి, దర్జాగా కొత్త లెక్కలోకి చేరిపోయాడు :)