యంత్రం చదవలేని పేర్లు

1513లో కృష్ణదేవరాయలు సమర్పించిన కానుకల పట్టిక తిరుమల శాసనాల్లో ఉంది. ఆ రాళ్లను కొండెక్కించిన కూలీల పట్టిక మాత్రం నా కంటపడలేదు. తిరుపతివాణ్ణి కనుక, ఏ శాసనం చూసినా మొదట ఇదే అడుగుతాను.

అటువంటి శాసనం ఒకటి కంప్యూటరు కడుపులో ఉంది. 1984లో కేంద్రప్రభుత్వం 'క్లాస్' పథకం కింద మన బడులకు తెచ్చిన బి.బి.సి. మైక్రో, కేంబ్రిడ్జిలోని ఏకార్న్ సంస్థ తయారీ. దాని ఆపరేటింగ్ సిస్టం 16 కిలోబైట్ల చిప్పులో చెరగకుండా ఉంటుంది. అందులో 768 బైట్ల చోటు ప్రాసెసరుకు కనబడదు. ఆ చిరునామాలను పరికరాలతో సంభాషణకు కేటాయించారు. చిప్పును ఊడదీసి, పక్క సాకెట్టులో గుచ్చి చదివితే అక్కడ ఉన్నవి ఆజ్ఞలు కావు, కృతజ్ఞతలు! సంస్థ స్థాపకుడు హెర్మన్ హౌజర్, యంత్రాన్ని రూపొందించిన ఇంజనీరు స్టీవ్ ఫర్బర్, మరెందరో అక్షరక్రమంలో ఒకే వరుసలో నిలబడ్డారు. యజమానికి పై పీట వెయ్యని ఈ పద్ధతి నాకు నచ్చింది.

అయితే పట్టికను మళ్లీ చదవండి. ఫెరాంటీ, హిటాచీ కంపెనీలకు పేర్లున్నాయి. 6502 ప్రాసెసరును సృష్టించినవారు మాత్రం ఉత్త "రూపకర్తలు". లెక్కకు మించిన ఇతరులని మొదట్లోనే ఒక మాట అనేశారు; బోర్డులకు టంకం పెట్టిన చేతులన్నీ ఆ మాటలోనే ఉన్నాయి.