‘మానవ వనరు’ అనే మాట, చిలమత్తూరు నేల

‘మానవ వనరు’ అన్న మాటకు మన భాషలో పెద్ద వయసు లేదు. 1985లో కేంద్రం విద్యాశాఖను మానవ వనరుల అభివృద్ధి శాఖగా మార్చాక అది పత్రికల్లో, పాఠ్యపుస్తకాల్లో స్థిరపడింది. 2020లో శాఖ పేరు మళ్లీ విద్యాశాఖ అయింది గాని మాట పోలేదు. బొగ్గు, ఇనుముల వరసలో మనిషిని నిలబెట్టిన ఈ మాటను మన విమర్శకులు నిలదీయలేదన్నది నా ఫిర్యాదు.

చిలమత్తూరు, గోరంట్ల మండలాల్లో 2008-09 ప్రాంతంలో 8,844 ఎకరాలు లేపాక్షి నాలెడ్జ్ హబ్‌కు కేటాయించారు. పేరులోనే జ్ఞానం ఉంది! భూమి పోయింది, హబ్ రాలేదు. వ్యవహారం సి.బి.ఐ. కేసుల దాకా వెళ్లింది. ఏ పదునుకు వేరుశనగ విత్తాలో తెలిసిన రైతు మాత్రం భూమి పోయిన మర్నాటి నుంచి లెక్కల్లో ‘నైపుణ్యం లేనివాడు’.

ఇది యంత్రం మీద కోపం కాదు. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కర్మాగారం 2019లో కార్ల ఉత్పత్తి మొదలుపెట్టింది. సామర్థ్యం ఏడాదికి 3 లక్షలు. అంతటి పరిశ్రమలో పని నేర్చుకోవడం ఇక్కడి యువకులకు మేలే. కాని లైను మీద ఒక్క బిగింపే నేర్చిన చేతికి గేటు బయట ఏపాటి విలువ అని అడుగుతాను.

పని మొత్తం తెలిసినవాడి గతి చూడాలంటే ధర్మవరం పోవాలి. పడుగు నుంచి జరీ అంచు దాకా పట్టుచీర నేత అక్కడ ఇంట్లోనే నేర్చుకుంటారు. ఆ నేర్పుకు కొరత లేదు. కొరత మరమగ్గం పోటీ నుంచి రక్షణకే. ‘మానవ వనరులు’ పుట్టిన 1985లోనే చేనేత రిజర్వేషన్ చట్టమూ వచ్చింది. దాని కింద మొదట 22 రకాల వస్త్రాలను చేనేతకు కేటాయించి, తర్వాత 11కి కుదించారు.