పండుగ దీపం, నిచ్చెన మీది మనిషి

నవంబరు నెల నడిమికి వచ్చేసరికి అమెరికా పట్టణాలలోని నివాసపు వీథులలో ఒక కొత్త సందడి బయలుదేరుతుంది. పొడుగాటి నిచ్చెనలు కట్టిన ట్రక్కులు ఇంటింటి ముందు ఆగుతాయి. ఇద్దరు ముగ్గురు మనుషులు దిగి, ఇంటి చూరు పొడవు కొలిచి, ఆ కొలతకు దీపపు తీగను కత్తిరించి, కప్పు అంచుకు తగిలించి, మూడు నాలుగు గంటలలో పని ముగించుకొని మరొక ఇంటికి వెళ్ళిపోతారు. సాయంకాలానికి ఆ ఇల్లు క్రిస్మస్ దీపాలతో వెలుగుతుంది. గృహస్థు చేసిన పని, ఆ వచ్చినవారికి సొమ్ము చెల్లించడం మాత్రమే.

ఈ సంగతి విన్న మనవారికి కొంత వింతగా ఉంటుంది. పండుగనాడు తన ఇంటికి తాను దీపం పెట్టుకోలేడా, దానికి కూడా కూలిమనిషి కావాలా అని అడగాలనిపిస్తుంది. అమెరికాలోనే అట్లా అడిగేవారు లేకపోలేదు. ఇది ఈ కాలపు సోమరితనమనీ, తాతల నాటి మనుషులు తమ చేతులతోనే సమస్తమూ చేసికొనేవారనీ వారి భావం. చరిత్ర తిరగవేస్తే మాత్రం సంగతి తలక్రిందులుగా కనిపిస్తుంది. విద్యుద్దీపాలతో పండుగ జరుపుకొన్న తొలినాళ్ళలో కూలికి మనిషిని పిలువనిదే దీపం వెలిగేది కాదు.

అంతకుముందు క్రిస్మస్ చెట్టుకు మైనపు వత్తులు కట్టేవారు. ఎండుతున్న దేవదారు జాతి కొమ్మ, దాని చివర మండే వత్తి: ప్రమాదం ఎంత దగ్గరలో ఉండేదో వేరే చెప్పనక్కరలేదు. అందుచేత పక్కనే నీళ్ళ బాల్చీ పెట్టుకొని, ఇంటిల్లిపాదీ చుట్టూ నిలిచి, కొద్ది నిమిషాలు చూసి ఆర్పివేసేవారు. 1880 క్రిస్మస్‌నాడు థామస్ ఆల్వా ఎడిసన్ న్యూజెర్సీలోని మెన్లో పార్కులో తన ప్రయోగశాల చుట్టూ విద్యుద్దీపాలను వరుసగా వేలాడదీయించాడు. సమీపంలోని రైలుమార్గాన పోయే ప్రయాణీకులు కిటికీలలో నుంచి ఆ వెలుగు చూశారు. రెండేండ్ల తరువాత, 1882 డిసెంబరులో, ఆయన మిత్రుడూ వ్యాపార భాగస్వామీ అయిన ఎడ్వర్డ్ హెచ్. జాన్సన్ న్యూయార్కులోని తన ఇంట ఒక చెట్టును అలంకరించాడు. ఎరుపు, తెలుపు, నీలం రంగులలో 80 చిన్న దీపాలు. చెట్టు తనంత తాను మెల్లగా తిరుగుతూ ఉంటే రంగులు మారుతూ కనిపించేవి. పత్రికా విలేఖరిని పిలిపించి మరీ చూపించాడు. ఎడిసన్ దీపాలను అమ్మవలసినవాడు జాన్సనే గనుక, అందులో భక్తి పాలు ఎంత, బేరం పాలు ఎంత అని తూచడం కష్టం.

తరువాతి ఇరవై సంవత్సరాలు ఈ వేడుక ధనికులది. 1890ల మధ్యలో అధ్యక్షుడు గ్రోవర్ క్లీవ్‌లాండు కుటుంబపు చెట్టుకు శ్వేతసౌధంలో విద్యుద్దీపాలు వెలిగాయి. దానిని చూసి సంపన్నులు తమ ఇండ్లలోనూ పెట్టించుకోసాగారు. ఇక్కడే మన కథలోని మనిషి ప్రవేశిస్తాడు. అతనిని వారు వైర్‌మన్ అనేవారు. ఆనాడు తయారుగా అమ్మే దీపాల దండ లేదు. ఒక్కొక్క బల్బుకూ తీగ కలిపి, అతుకు అతుకుకూ గుడ్డ చుట్టి, చెట్టు కొమ్మల మధ్యగా నడిపించి, ఇంట ఉన్న విద్యుత్తు ఆధారానికి అనుసంధించాలి. విద్యుత్తు అంటే ఏమిటో తెలిసినవారే ఊరికి కొద్దిమంది. ఆ వైర్‌మన్ కూలితో సహా ఒక సామాన్యమైన చెట్టును వెలిగించడానికి అయ్యే ఖర్చు, నేటి ద్రవ్యమానంలో చెప్పుకొంటే 2,000 డాలర్ల దాకా ఉండేదని ఒక అంచనా. జాన్సన్ పేరు పుస్తకాలలో నిలిచింది. అతని 80 దీపాలకు తీగలు చుట్టిన చేతుల పేరు లోకానికి తెలియదు.

ఈ సందర్భంలో మన దేశపు మాట ఒకటి చెప్పుకోవడం అప్రస్తుతం కాదు. దాక్షారామ భీమేశ్వరాలయంలో రాళ్ళమీద చెక్కిన శాసనాలు వందలకొలది ఉన్నాయి. వాటిలో అనేకం అఖండదీపానికి చేసిన దానాలు. దాత తానే వచ్చి ప్రతిదినమూ వత్తి ఎగదోయలేడు. గుడికి గొఱ్ఱెలను, తరచుగా 50 గొఱ్ఱెలను, సమర్పించేవాడు. వాటిని ఒక బోయ స్వీకరించి, మేపుకొని, ప్రతిదినమూ మానెడు నెయ్యి దీపానికి పోయడానికి ఒప్పుకొనేవాడు. అతని తరువాత అతని పుత్రపౌత్రులది ఆ బాధ్యత. అంటే, సుమారు 900 సంవత్సరాల నాడే దీపం పెట్టించేవాడొకడు, దానిని వెలుగుతూ ఉంచేవాడు మరొకడు. కాని ఆ శాసనాలలో దాత పేరుతో పాటు, గొఱ్ఱెలను చేకొన్న బోయ పేరు కూడా పలుచోట్ల చెక్కి ఉన్నది. ఆ ఒప్పందంలో అతడు కూడా లెక్కలోని మనిషి. నాకు ఈ శాసనాలలో రాజుల బిరుదావళికన్న ఆ పేర్లే ఎక్కువ ఆకర్షణీయంగా కనిపిస్తాయి.

న్యూయార్కు వైర్‌మన్ వైభవం ఎక్కువకాలం నిలువలేదు. 1900లో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ క్రిస్మస్ చెట్టు దీపాలను గురించి ప్రకటన చేసినపుడు, కొనలేనివారు అద్దెకు తీసికొనవచ్చునని కూడా తెలిపింది. పెండ్లికి పెట్రోమాక్సు లైట్లు అద్దెకు తెచ్చుకొన్న మనవారికి అది వింత కాదు. 1903 నుంచి సాకెట్లూ బల్బులూ ముందే బిగించిన దండలు బజారులోకి వచ్చాయి. ఇంట ఉన్న దీపపు సాకెట్టుకు తగిలిస్తే చాలు, వెలుగుతాయి. ఖరీదు సుమారు 12 డాలర్లు. అది ఆనాటి సామాన్య కార్మికుని వారపు వేతనానికి ఇంచుమించు సమానమే అయినా, ఏటేటా మనిషిని పిలిపించుకొనే అవసరం తీరింది. క్రమంగా ధరలు దిగివచ్చాయి. తయారీదారులు కొందరు 1920లలో ఒక సంఘంగా ఏర్పడి, నోమా అనే పేరుతో సంస్థ స్థాపించి దేశమంతటా దండలు అమ్మారు.

ఆ దండల నిర్మాణం గురించి ఒక మాట. చాలా దండలలో ఎనిమిదేసి బల్బులను ఒకదాని వెనుక ఒకటిగా కలిపేవారు. విద్యుత్తు మొదటి బల్బు గుండా రెండవదానికి, రెండవదాని గుండా మూడవదానికి పోవాలి. ఒకటి కాలిపోతే ఎనిమిదీ ఆరిపోతాయి. ఏది కాలిపోయినదో తెలిసికోవడానికి మంచి బల్బు ఒకటి చేతపట్టుకొని, వరుసగా ఒక్కొక్క సాకెట్టులో బిగించి చూడాలి. ఈ వరుస అమరికకు ఇంగ్లీషులో గల సీరీస్ అనే పేరే మన నోళ్ళలో నలిగి సీరియల్ అయింది. వినాయక చవితి పందిళ్ళకు కట్టే సీరియల్ సెట్లు ఆ వంశంలోవే.

చెట్టు ఇంటిలో ఉన్నంతకాలం ఇంటివారికి అందుబాటులో ఉన్నది. దీపం బయటికి వచ్చిన తరువాత నిచ్చెన అవసరం వచ్చింది. 1923లో అధ్యక్షుడు కూలిడ్జి వాషింగ్టన్ నగరంలో 48 అడుగుల చెట్టుమీద 2,500 దీపాలను వెలిగించాడు. అది జాతీయోత్సవం, వెనుక ఉన్న ప్రోత్సాహం విద్యుత్ పరిశ్రమవారిది. ఆ దశాబ్దం చివర వానకు, మంచుకు ఓర్చుకొనే దీపాలు అమ్మకానికి వచ్చాయి. ఏ ఇల్లు ఎక్కువ అందంగా ఉన్నదో చూసి బహుమతులిచ్చే పోటీలను విద్యుత్ కంపెనీలే ఏర్పాటు చేశాయి. దీపం ఎక్కువైతే కరెంటు ఎక్కువ, కరెంటు ఎక్కువైతే రాబడి ఎక్కువ. ఇరుగుపొరుగుల పోటీ అట్లా చూరు మీదికి ఎక్కింది. పోటీ లేని చోటు కూడా ఒకటి చెప్పాలి. కాలిఫోర్నియాలోని ఆల్టడీనాలో ముప్పాతిక మైలు పొడవున దేవదారు చెట్ల వీథి ఒకటి ఉన్నది. అవి మన హిమాలయ జాతి చెట్లే, 1885లో నాటినవి. 1920 నుంచి వాటికి దీపాలు కడుతున్నారు. ఆ వేలాది దీపాలను తగిలించేవారు కూలికి వచ్చినవారు కారు. ఆ ప్రాంతపు పౌరులే కొన్ని వారాల సెలవుదినాలు వెచ్చించి ఆ పని చేస్తారు.

రెండవ ప్రపంచ యుద్ధానంతరం నగరాల చుట్టూ కొత్త ఇండ్లు వేలకువేలుగా లేచాయి. ప్రతి ఇంటికీ ముందు పచ్చిక, పైన వాలుకప్పు, కార్ల షెడ్డులో ఒక నిచ్చెన. డిసెంబరు మొదటి ఆదివారంనాడు గృహయజమాని నిచ్చెన ఎక్కడం, కింద భార్య దానిని పట్టుకొని నిలవడం, చిక్కుపడిన దండను పిల్లలు విప్పడం అమెరికా కుటుంబ జీవితంలో ఒక ఆచారమే అయింది. సినిమాలలో దానిని పరిహాసం చేశారు కూడా. 1973లో చమురు కొరత వచ్చినపుడు అధ్యక్షుడు నిక్సన్ ఇండ్లమీద అలంకార దీపాలు మానవలసిందని కోరాడు. కొరత తీరింది, దీపాలు మళ్ళీ వచ్చాయి.

తిరిగి కూలికి పిలిచే కాలం 1980లలో మొదలయింది. టెక్సాస్ రాష్ట్రంలోని లబ్బక్ అనే ఊరిలో తోటపని వ్యాపారం చేసే ఒకాయనకు శీతకాలంలో పని లేకపోయేది. పచ్చిక పెరగదు, కోసేది ఏమీ లేదు. పనివాళ్ళను తీసివేస్తే వసంతకాలంలో మళ్ళీ దొరకరు. 1986లో ఆయన వారిచేత ఇండ్లకు దీపాలు కట్టించడం మొదలుపెట్టాడు. పదేండ్లకు అదే పద్ధతిని ఇతర ఊళ్ళ వ్యాపారులకు నేర్పి, తన పేరుతో నడుపుకొనే హక్కు ఇచ్చాడు. దేశమంతటా తోటపనివారు, కిటికీలు కడిగేవారు, కప్పులు వేసేవారు ఈ దారి పట్టారు. అంటే ఈ వృత్తి పుట్టడానికి గృహస్థుని బద్ధకం ఎంత కారణమో, మంచుకాలంలో కూలివాని పొయ్యి ఆరిపోకుండా ఉండడం కూడా అంతే కారణం. దీనిని సోమరితనమని తేల్చివేసేవారు ఈ రెండవ సగాన్ని గమనించరు.

పనిలో నేర్పు ఉన్నది. మేకులు కొట్టరు, కొడితే కప్పులోకి నీరు దిగుతుంది. కప్పు పలకల అంచుకు, వాననీటి తొట్టెకు పట్టుకొనే ప్లాస్టిక్ క్లిప్పులు వేరువేరుగా ఉంటాయి. తీగను ఆ ఇంటి కొలతకే కత్తిరించి, వచ్చే ఏడు మళ్ళీ అదే ఇంటికి వాడుతారు. పండుగ నడుమ దీపం ఆరిపోతే వచ్చి మార్చిపోతారు. పాత బల్బుల కాలంలో ఒక తీగమీద ఎన్ని దీపాలు పెట్టవచ్చునో లెక్క చూసుకోకపోతే ఫ్యూజు పోయేది. ఎల్ఇడి దీపాలు వచ్చిన తరువాత ఆ భయం చాలావరకు తగ్గింది. ఇంటి పరిమాణాన్ని బట్టి కొన్ని వందల డాలర్ల నుంచి కొన్ని వేల డాలర్ల వరకు తీసికొంటారు.

గృహస్థు అంత సొమ్ము ఎందుకు ఇస్తున్నాడు? తీరిక లేక కొందరు, పక్కింటికన్న మిన్నగా ఉండాలని కొందరు. కాని వయసు మళ్ళినవారిని అడిగితే మరొక కారణం చెబుతారు, పడిపోతామనే భయం. పండుగ అలంకరణల మూలంగా గాయపడి ఆస్పత్రుల అత్యవసర విభాగాలకు వచ్చేవారు ఆ రెండు నెలలలోనే సుమారు 14,000 నుంచి 15,000 మంది ఉంటారని ఆ దేశపు వినియోగ వస్తువుల భద్రతా సంఘంవారి ఇటీవలి అంచనాలు. అందులో దాదాపు సగం పడిపోవడం వల్లనే. సొమ్ము ఇచ్చినందువల్ల ఆ ప్రమాదం గాలిలో కలిసిపోదు. మంచు పట్టిన కప్పు మీద అది ఒక మనిషిని విడిచి మరొక మనిషిని ఆశ్రయిస్తుంది. అక్కడ నిర్మాణపు పనులలో మరణాలకు మొట్టమొదటి కారణం ఎత్తునుంచి పడడమే. నాలుగు అడుగుల ఎత్తుకు ఒక అడుగు చొప్పున నిచ్చెన పాదం గోడకు ఎడంగా ఉండాలనే సూత్రం పనివానికి తెలుసు. అయితే రోజుకు ఇన్ని ఇండ్లు ముగించాలనే ఒత్తిడి ఆ సూత్రాన్ని అప్పుడప్పుడు మరపిస్తుంది. పనివానికి ప్రమాద బీమా ఉన్నదా అని ముందుగా విచారించాలని ఇంటివారికి అక్కడి పెద్దలు చెప్పేది ఇందుకే. బీమా లేనివాడు తక్కువకు వస్తాడు. ఆ తక్కువ ఎక్కడనుంచి వచ్చిందో అడిగే గృహస్థులు తక్కువ. ఋతుకాలపు అనుమతి పత్రాలమీద మెక్సికో నుంచి వచ్చి తోటపనిలో శ్రమించేవారు ఆ దేశంలో వేలమంది. క్రిస్మస్‌కు వారి ఇండ్లు వారికి దూరం.

ఇది అమెరికాకే చెందిన చిక్కు అనుకొనడానికి వీలులేదు. మన ఊళ్ళలో షామియానా, మైకు, లైటింగు ఒకే చీటీమీద కుదుర్చుకొంటాము. పెండ్లి ఇంటి మేడమీద పిట్టగోడ పట్టుకొని వంగి, పెదవుల మధ్య తీగ ముక్క బిగించి, సీరియల్ సెట్టు వేలాడదీసే కుర్రవాణ్ణి అందరమూ చూశాము. అంతకు ముందు తరంలో పెట్రోమాక్సు దీపం తలమీద పెట్టుకొని ఊరేగింపుకు ఇరుపక్కలా నడిచేవారు ఉండేవారు. ఆ వెలుగులో పల్లకి కనిపించేది, పెండ్లికొడుకు కనిపించేవాడు. దీపం మోసే మనిషి ముఖం దీపపు నీడలోనే ఉండిపోయేది.

ఎడిసన్ ప్రయోగశాల ఉండిన ఆ మెన్లో పార్కు ఉన్న ఊరికి 1954లో ఎడిసన్ అనే పేరే పెట్టారు. ఈనాడు అక్కడ భారతీయులు పెద్దసంఖ్యలో ఉన్నారు. వారిలో తెలుగు కుటుంబాలు అనేకం. దీపావళికి గుమ్మంలో ప్రమిద పెట్టి, చూరుకు విద్యుద్దీపాలు కట్టించి, ఎట్లాగూ క్రిస్మస్ వస్తుంది గదా అని వాటిని అట్లాగే ఉంచేవారు ఉన్నారు. ఒక్క కూలితో రెండు పండుగలు గడుస్తాయి. జనవరిలో ఆ ట్రక్కులు మళ్ళీ వస్తాయి. కట్టినప్పుడు చూడడానికి బయటికి వచ్చిన పిల్లలు విప్పేటప్పుడు బడిలో ఉంటారు. క్లిప్పులు ఊడదీసి, తీగను మోచేతికి చుట్టి, పెట్టెలో పెట్టి, ఆ పెట్టెమీద ఇంటి నంబరు వ్రాసి, పనివారు పక్క ఇంటికి నిచ్చెన జరుపుతారు.