పిడుగురాళ్ల లారీలు: రహదారి భద్రత, డ్రైవర్ల నియంత్రణ

పల్నాడు జిల్లాలోని పిడుగురాళ్ల సున్నపు పరిశ్రమకు పేరుపడ్డ పట్టణం. బట్టీల్లో కాల్చిన సున్నం, దాచేపల్లి, మాచర్ల వైపు ఫ్యాక్టరీల సిమెంటు, గుంటూరు యార్డుకు వెళ్లే మిర్చి టిక్కీలు, జిన్నింగు మిల్లుల పత్తి బేళ్లు ఈ చుట్టుపక్కల రోడ్ల మీదే కదులుతాయి. వీటికి తోడు నార్కట్‌పల్లి నుంచి అద్దంకి మీదుగా మేదరమెట్ల దాకా సుమారు 212 కిలోమీటర్ల నాలుగు వరుసల రహదారి ఇటుగానే పోతుంది. హైదరాబాదు, చెన్నై మధ్య తిరిగే లారీలు విజయవాడ వెళ్లకుండా ఈ దారి పట్టుకుంటాయి. దూరప్రాంతపు లారీ, కూలీల ఆటో, పొలం ట్రాక్టరు ఒకే తారు మీద నడవాల్సి రావడమే ఇక్కడి అసలు ప్రమాదం.

2023 మే 17 తెల్లవారుజామున దాచేపల్లి మండలం పొందుగల దగ్గర ఓ లారీ ఆటోను ఢీకొంది. ఆటోలో ఉన్నవాళ్లు నల్లగొండ జిల్లా దామరచర్ల మండలం నుంచి మిరప పనికి వస్తున్న కూలీలు. పలువురు మహిళలు చనిపోయారు. అంతకు ఏడాది ముందు, 2022 మే నెలాఖరులో, శ్రీశైలం నుంచి తిరిగొస్తున్న యాత్రికుల టాటా ఏస్ రెంటచింతల దగ్గర ఆగి ఉన్న లారీని గుద్దుకుంది. రాత్రిపూట రోడ్డు వారన నిలిపిన లారీ కూడా ప్రాణాలు తీస్తుంది. ఇతరులకు అపాయం కలిగేలా బండి నిలపడాన్ని మోటారు వాహనాల చట్టం 122వ సెక్షన్ నిషేధించింది. కానీ నిద్ర ముంచుకొచ్చిన డ్రైవరుకు సురక్షితంగా ఆపుకునే చోటు చూపించనిదే ఆ నిషేధం కాగితం దాటదు.

ఇక డ్రైవరు అర్హతల విషయానికొస్తే, రవాణా వాహనం నడపడానికి 20 ఏళ్లు నిండాలి. ఎనిమిదో తరగతి చదివి ఉండాలన్న నిబంధనను 2019లో తీసేశారు. లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి అయిదేళ్లకు పెరిగింది.

బరువు విషయంలో మోటారు వాహనాల చట్టం గట్టిగానే ఉంది. 2018లో రెండు ఇరుసుల లారీ మొత్తం బరువు పరిమితిని 16.2 నుంచి 18.5 టన్నులకు పెంచారు. అది దాటితే 194వ సెక్షన్ ప్రకారం 20,000 రూపాయల జరిమానా, ఎక్కువైన ప్రతి టన్నుకూ మరో 2,000. అదనపు సరుకు దించాకే బండి కదలాలి. అనుమానం వస్తే బ్రేకు ఇన్‌స్పెక్టరు లారీని దగ్గర్లోని కాటాకు మళ్లించి తూకం వేయించవచ్చు. డ్రైవరు ఓనరు కాకపోతే, ఓవర్‌లోడు ఓనరుకు తెలిసే జరిగిందని కోర్టు భావించవచ్చని 113వ సెక్షన్ చెబుతోంది. ట్రిప్పుకు ఇంతని కిరాయి కుదిరే చోట లోడు ఎంతో తేల్చేది డ్రైవరు కాదు గనుక, ఈ సెక్షన్‌ను మరింత ఎక్కువగా వాడాలి.

సరుకును తూచినంత శ్రద్ధగా నిద్రను ఎవరూ లెక్కపెట్టడం లేదు. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటల పని, అయిదు గంటలకొకసారి కనీసం అరగంట విరామం, రెండు పనిదినాల మధ్య వరసగా 9 గంటల విశ్రాంతి ఇవ్వాలంది. అయితే అది అయిదుగురు, అంతకు మించి కార్మికులున్న సంస్థలకే వర్తించేది. ఒకటి రెండు లారీలున్న ఓనరు దగ్గర పనిచేసే డ్రైవరు దాని కిందికి రాలేదు. 2025 నవంబరు 21 నుంచి ఆ చట్టం స్థానంలో వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ వచ్చింది.

ప్రమాదం జరిగితే ఆగి, గాయపడ్డవారిని ఆసుపత్రికి చేర్చాలని మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ ఆదేశిస్తోంది. జనం దాడి చేసే పరిస్థితి ఉంటే మినహాయింపు ఇచ్చింది. పోలీసులకు చెప్పకుండా పారిపోయి, మనిషి చనిపోతే పదేళ్ల దాకా జైలు అన్న భారతీయ న్యాయ సంహిత 106(2)పై 2024 జనవరిలో దేశమంతటా డ్రైవర్లు సమ్మెకు దిగారు. ఆ ఏడాది జులై 1న సంహిత అమల్లోకి వచ్చినా, ఆ క్లాజును పక్కన పెట్టారు.

డ్రైవర్ల అలసట తగ్గించేందుకు 2025లో అమల్లోకి వచ్చిన నిబంధన ప్రకారం, ఆ తర్వాత తయారయ్యే మధ్యతరహా, భారీ లారీల క్యాబిన్లకు ఏసీ తప్పనిసరి. అంతకు ముందు తయారైన లారీలకు ఈ నిబంధన వర్తించదు.